తోడు లేకుండా వచ్చినామె

ఆ పిల్లకు టీసీ రాయడం నేర్పింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చెప్పకపోతే నాకు అన్నం సహించదు. పుంగనూరు హైస్కూలు ఆఫీసులో ఇద్దరం కలిసి పనిచేశాం. నేను సీనియర్ అసిస్టెంటును, తను అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల. సంతకం కోసం హెడ్మాస్టరు గదిలోకి ఎప్పుడు వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళకూడదో కూడా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. మధ్యాహ్నం నా క్యారియర్లోంచి సగం సంగటి ముద్ద తనకే పెట్టేదాన్ని. తర్వాత నాకు మదనపల్లెకు, తనకు కుప్పానికి బదిలీలయ్యాయి. పండగలకు ఫోన్ చేసి "బాగుండావా అక్కా" అని అడిగేది. నేనూ బాగున్నాననేదాన్ని.

పోయిన ఏడాది బడులు తెరిచాక జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన మా బడికి వచ్చాడు. సర్కారు బడుల్లో పిల్లల చదువు ఎలా ఉందో అందరూ చూస్తున్నారు గానీ, పనిమీద వచ్చిన తల్లిదండ్రులను ఆఫీసులో ఎలా చూస్తున్నారో ఎవరూ చూడడం లేదట. అది చూడడానికే వచ్చాడట. మా గదిలో ఓ మూల కుర్చీ వేసుకుని బడి వదిలేదాకా కూర్చున్నాడు. వెళ్ళేముందు తన కాగితం నాకు చూపించాడు. పని వేగం బాగుంది, రిజిస్టర్లు బాగున్నాయి. చివర 'ఒంటరిగా వచ్చినవారు' అని ఒక గడి ఉంది. అందులో సున్నా చుట్టాడు.

"మీ దగ్గరికి ఒక్కరూ ఒంటరిగా రాలేదమ్మా. అందరూ ఎవరో ఒకరిని వెంటబెట్టుకునే వచ్చారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా వైపు ఆఫీసుకు ఒంటరిగా ఎవరొస్తారు? మాట్లాడే మనిషిని తోడు తెచ్చుకోవడం మర్యాద. రామసముద్రం పక్క రైతులైతే ఊళ్ళో నోరున్న మనిషిని తెచ్చుకుంటారు. అలాంటి మనిషి దొరకనివాళ్ళకు మా గేటు ఎదుట టీ బంకాయన ఉన్నాడు. ఒక టీ తాగితే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని వెంట వచ్చేస్తాడు. నా కిటికీ దగ్గర వంగి "మేడమ్, పాపం పెద్దామె, రొంత సూడండి" అంటాడు. పెద్దామె అతని వెనకాల నేల చూస్తూ నిలబడుతుంది. నేను అతనితో మాట్లాడి పని చేసి పంపిస్తాను. ఇందులో తప్పేముంది?

ఆయన మాత్రం నవ్వలేదు. "కుప్పం బడికి చాలామంది ఒంటరిగానే వస్తున్నారు. ఒకసారి పోయి చూసి రండి. దసరా సెలవులయ్యాక మళ్ళీ వస్తాను. అప్పుడు కూడా ఈ గడిలో సున్నానే ఉంటే మిమ్మల్ని జనంతో పనిలేని వెనక గదిలోకి మార్చమని రాయాల్సి వస్తుందమ్మా" అన్నాడు.

కుప్పం ఆఫీసులో ఉండేది ఎవరు? ఆ పిల్లే! ఇంత బతుకూ బతికి ఇంటి వెనకాల చచ్చినట్టయింది నాకు. నా ముద్ద తిన్న పిల్ల దగ్గరికి నేను నేర్చుకోవడానికి పోవాలా?

పోయాను. పోక ఏం చేస్తాను? పుంగనూరు బస్టాండులో బస్సు ఆగితే కిటికీలోంచి బయటికి కూడా చూడలేదు. ఎలాగైనా ఆ ఆఫీసులో ఒక వంక దొరకాలని దారి పొడుగునా కోరుకున్నాను. దుమ్ము పట్టిన బీరువానో, వెతికినా దొరకని ఫైలో, ఏదో ఒకటి.

"అక్కా! యాల ఆడ్నే నిలబడుకోనుండావు? రా, కూసో" అంటూ కుప్పం బడి గడపలో నన్ను చూడగానే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. లోపల బల్ల దగ్గరున్న వాళ్ళందరితో "పని నేర్పిచ్చింది ఈయమ్మే" అని చెప్పింది. ఆ మాటతో ఇంకా మండింది నాకు. కనీసం గర్వపడి ఉంటే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది కదా!

అక్కడ కిటికీ ముందు నిలబడే పద్ధతి లేదు. గదిలోనే గోడవారగా ఒక బెంచీ, పక్కన నీళ్ళ కుండ. వచ్చినవాళ్ళు నేరుగా లోపలికొచ్చి కూర్చుంటున్నారు. రామకుప్పం నుంచి ఒకామె ఒంటరిగా వచ్చింది. కూర్చోగానే "ఏనుగులు పడి రాగి సేనంతా తొక్కేసినాయమ్మా" అని మొదలుపెట్టింది. ఈ పిల్ల పెన్ను పక్కన పెట్టి వింది. ఎంత పోయింది, రాత్రి కాపలా ఎవరుంటున్నారు అని అడిగింది. ఆ తర్వాతే బడి పని. ఇంకొకామె అరవంలో మాట్లాడితే ఈ పిల్ల కూడా అరవంలోనే జవాబిచ్చింది. ఎప్పుడు నేర్చుకుందో!

ఒళ్ళంతా కారం పూసుకున్నట్టయింది నాకు. బెంచీ మీద అసూయ కాదు, బెంచీ ఎవరైనా వేయిస్తారు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఏ రైతూ తన పంట సంగతి చెప్పలేదు. ఆ పిల్లకు ఎందుకు చెప్పాలి? నా ముఖంలో ఏం తక్కువైంది? వంక ఒక్కటీ దొరకలేదు. తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటేదాకా నాలో నేనే సణుక్కుంటూ వచ్చాను.

మదనపల్లెకు రాగానే కిటికీ మూయించేశాను. బెంచీ వేయించాను, కుండ పెట్టించాను. మొదటిరోజే టీ బంకాయన ఒక పెద్దామెను వెంటబెట్టుకుని వచ్చాడు. "బాగుండాది మేడమ్" అంటూ బెంచీ మీద తను కూర్చున్నాడు. పెద్దామె అతని పక్కన నిలబడే ఉంది. నేను నవ్వు మొహం పెట్టి చూశాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేడమ్, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు.

"నువ్వింక ఎవరితోనూ రావద్దప్పా" అని అతనికి గట్టిగా చెప్పాను. మరుసటిరోజు అతను రాలేదు, పనిమీద వచ్చేవాళ్ళూ రాలేదు. గేటు దాకా వచ్చి లోపలికి తొంగి చూసి వెనక్కి పోతున్నారు. అయ్యో రాతా, అనుకుని మళ్ళీ నేనే అతన్ని పిలిచి రమ్మన్నాను.

దసరా సెలవులైపోయాయి. ఒకరోజు జిల్లా ఆఫీసు ఆయన అదే మూల, అదే కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్ళంతా జంటలుగానే వచ్చారు. వెనక గదిలో ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు. నా సామాను అక్కడికి మోసుకుపోవడం కళ్ళకు కట్టింది. కుప్పానికి ఈ వార్త చేరితే ఆ పిల్ల ఫోన్ చేసి "బాధపడాకక్కా" అంటుంది. ఆ ఓదార్పు మాత్రం నాకొద్దు.

బడి వదిలే ముందు ఒకామె గడప దగ్గర చెప్పులు విడిచింది. గేటు దగ్గర టీ బంకాయన తువ్వాలు అందుకుని లేచాడు గానీ, ఆమె వద్దని చెయ్యి ఊపి లోపలికి వచ్చేసింది. వెనక ఎవరూ లేరు.

"కుప్పం మేడమ్ ఈడికొచ్చిందంట గదా, నువ్వేనా తల్లీ?" అంది.

నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పుకుపోయింది. "నా కూతుర్ని రామకుప్పం పక్క ఇచ్చినాము. దాని కొడుకు కుప్పం బడిలోనే సదవతాండాడు. ఆడ మేడమ్ కూసోబెట్టి మాట్లాడతాదని నా కూతురు సెప్తాంటాది. ఆయమ్మే ఈడికొచ్చేసింది, బెంచీ గూడా ఏసింది అని మా ఊర్లో అనుకుంటాండారు. అందుకే ఒక్కదాన్నే వచ్చినా. పాతామె ఉండింటే గేటు గూడా దాటను. ఆయమ్మ నోరు మంచిది గాదంట."

మూలనున్నాయన పెన్ను ఆగిపోయింది. నేను కుప్పం మనిషిని కాదమ్మా, ఆ పిల్లకు పని నేర్పినదాన్ని, అని అరవాలనిపించింది. అరిస్తే ఆమె లేచి తిన్నగా టీ బంకు దగ్గరికి పోతుంది. గడిలో సున్నా పడుతుంది.

"అవునమ్మా, నేనే. కూర్చో" అన్నాను.

కూర్చుంది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. మనవరాలు ఇన్నాళ్ళూ తన దగ్గరే ఉండి మా బడిలో చదివిందట. ఇప్పుడు కూతురి దగ్గరికి పంపిస్తోందట, టీసీ కావాలి. నేను రాస్తుంటే టమాటా చెట్లకు తెగులు పట్టిన సంగతి, మోకాలి నొప్పి సంగతి, పిల్ల వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందన్న సంగతి, అన్నీ చెప్పింది. అబ్బ, వినడానికి ఎంత బాగుందో! పెన్ను పక్కన పెట్టి తెగులుకు ఏం కొట్టారని కూడా అడిగాను. చెబుతున్నదంతా ఆ కుప్పం పిల్లకేనని మధ్యమధ్యలో గుర్తొచ్చి గుండె భగ్గుమనేది.

టీసీ మీద సంతకం చేయించి తెచ్చి ఇచ్చాను. మూలనున్నాయన గడిలో ఒకటి వేశాడు. ఆమె కాగితాన్ని కొంగులో చుట్టుకుని లేచి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"సల్లంగుండు తల్లీ. ఆ పాతామెను మాత్రం మళ్ళా ఈడికి రానీయాకండి" అంది.

"రానివ్వనులేమ్మా" అన్నాను.