జానీ మియా రైలు భద్రాచలం చేరిన సంగతి

ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో, అడవి మొదలైందా అయిపోయిందా అని తేల్చుకోలేని ఒక మలుపు దగ్గర, నందన విహార్ అనే పార్కు ఉంది. అందులో ఒక రైలుంది. ఆ రైలుకు ముప్పై ఏళ్లుగా ఒక్కడే డ్రైవరు, జానీ మియా. ఆయన నడిపిన దూరమంతా కలిపితే ఢిల్లీకి ఎన్నిసార్లు పోయి రావచ్చో గానీ, బయల్దేరిన చోటు నుంచి ఒక్క గజం కూడా ముందుకు పోలేదన్నది మాత్రం నిర్వివాదాంశం. ఆ రైలు గుండ్రంగా తిరుగుతుంది.

పాత డీజిల్ ఇంజనుకు రేకు తొడుగు, వెనక నాలుగు పెట్టెలు. ప్రయాణం నాలుగు నిమిషాలు. సిమెంటు జిరాఫీ పక్కనుంచి పోయి, రేకు సొరంగంలో దూరి, పడవల చెరువు మీది చిన్న వంతెన దాటి, ఎక్కిన ప్లాట్‌ఫారం మీదే దింపుతుంది. ఆ ప్లాట్‌ఫారానికి పసుపు రంగు బోర్డు ఒకటి. దాని మీద పెయింటర్ ముస్తకీమ్ నల్లటి అక్షరాలతో ‘భద్రాచలం రోడ్’ అని రాశాడు. ఏం పేరు రాయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి తనకు తెలిసిన స్టేషన్ పేరు రాశాడు. కొత్తగూడెంలో ఉన్న అసలు రైల్వే స్టేషన్ పేరు అదే. అక్కడ దిగి గుడి ఎటు అని అడిగే యాత్రికులకు, గుడికి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలని చెప్పడం ఆ ఊరివాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ ఏడు పార్కుకు ముప్పై నిండాయి. యాజమాన్యం మారింది. కొత్త మేనేజరు ప్రసూన కొత్తగూడెం పిల్ల, చిన్నప్పుడు ఇదే రైలెక్కి ఏడ్చిన మనిషి. ‘మన పార్కు, మీకు తెలియని సంగతులు’ అని పెద్ద పోస్టరు వేయిద్దామని జనాన్ని ఫోన్లో మెసేజ్ పెట్టి అడిగింది. జనం విరగబడి రాశారు. జిరాఫీకి మచ్చలు ఒక్కవైపే ఎందుకున్నాయన్న ముప్పై ఏళ్ల చిక్కుముడి అలాగే విడింది. రెండో వైపు వేయాల్సిన వారంలో ఎన్నికలొచ్చాయి, ముస్తకీమ్ గోడల మీద రాయడానికి పోయాడు, మళ్లీ జిరాఫీ మొహం చూడలేదు. దయ్యాల గుహలో దయ్యం వాచ్‌మన్ బొజ్జయ్య అని కూడా తేలింది. ఆయన ఒకసారి తెల్లదుప్పటిలో గట్టిగా తుమ్మితే, చీకట్లో భయంతో బిగుసుకుపోయిన పిల్లలంతా అలవాటు కొద్దీ ‘చిరంజీవ’ అన్నారట. దయ్యానికి దీర్ఘాయుష్షు కోరిన చరిత్ర మరే పార్కుకైనా ఉందో లేదో తెలియదు.

ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. రైలు స్టేషన్ బోర్డుకు పసుపు కుంకుమలు ఎందుకు? దాని కింద కొబ్బరికాయలు కొట్టే రాయి ఎందుకు?

“జానీ అన్నా, నీకు తెలిసే ఉంటది గదా,” అని ప్రసూన అడిగింది. “సోమవారం ఆ బోర్డు తీసేస్తున్నరు. లైట్లు పెట్టి జంగిల్ జంక్షన్ అని కొత్తది పెడతరంట. పోయేలోపు ముచ్చట తెలిస్తే పోస్టర్‌ల ఎక్కిస్త.”

జానీ మియా ఇంజను వైపు చూశాడు. “తెల్వది మేడం,” అన్నాడు.

అది రంజాన్ నెల. ఆయన ఉపవాసంలో ఉన్నాడు.

సాయంత్రం ఇఫ్తార్ దగ్గర ఒక్క ఖర్జూరం తిని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భార్య షాకేరా గిన్నెలు చూసింది, మొగుణ్ని చూసింది. “పొద్దంతా ఉపాసముంటివి. ఇప్పుడు గూడ తినకపోతే ఎవరి మీద కోపం?” అంది. అప్పుడు చెప్పాడు, ఇరవై తొమ్మిదేళ్లుగా కడుపులో దాచుకున్న సంగతి.

పార్కు పెట్టిన రెండో ఏడు, శ్రీరామనవమికి ముందురోజు. ఒక తండావాళ్లు ట్రాక్టర్లో భద్రాచలం బయల్దేరారు. పార్కు గేటు ముందే ట్రాక్టరు యాక్సిల్ విరిగింది. మెకానిక్ వచ్చేదాకా ఏం చేస్తారు, అందరూ లోపలికొచ్చారు. వాళ్లలో కమ్లి అనే నడివయసు మనిషి. కొడుకు కోటేష్‌కు జ్వరం తగ్గితే రాముడికి కాయ కొడతానని మొక్కుకుంది. “గీ రైలెక్కు వదినా, భద్రాచలం రోడ్ అంట,” అని మరిది దేవ్‌సింగ్ పరాచికమాడితే, కాయ ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. చెరువు వంతెన మీదికి రాగానే జానీ మియా కూత వేశాడు. పెట్టెల్లో జనం నవ్వుకుంటూ నీళ్లలోకి పైసలు విసిరారు. గోదావరి దాటే రైల్లో అందరూ చేసే పనే. కమ్లి కూడా విసిరి దండం పెట్టింది, కాకపోతే నవ్వలేదు.

దిగాక అడిగింది. “భియా, బద్రాచెలం ఇదేనా?”

నూనె డబ్బా పట్టుకుని చక్రాల దగ్గర వంగి ఉన్నాడు జానీ మియా. బోర్డు మీది పేరు అడుగుతున్నదనుకున్నాడు. తలెత్తకుండానే “అవ్” అన్నాడు.

తర్వాత కాయ పగిలిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఆమె కళ్లు మూసుకుని బోర్డు ముందు నిలబడి ఉంది. ఆ మొహం చూశాక కాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె సగం చిప్ప ఆయన చేతిలో పెట్టింది. తిన్నాడు.

మరుసటి ఏడు కమ్లి మళ్లీ వచ్చింది, పసుపు కుంకుమలతో. ఆ పై ఏడు తండా సగం వచ్చింది. అప్పటి యాజమాన్యం ‘ఇచ్చట కొబ్బరికాయలు కొట్టరాదు’ అని ఒక రేకు రాయించి, అది గాలికి పడకుండా దాని అడుగున పెద్ద రాయి పెట్టించింది. ఆ రాయి కాయలు కొట్టడానికి మరీ అనువుగా కుదిరింది.

షాకేరా అంతా విన్నది. “అప్పుడంటే తెల్వక అన్నవు. ఇయ్యాల రోజా ఉండి తెల్వదంటివా?”

“అన్న.”

“మేడంకు తర్వాత చెప్పొచ్చు. ముందు ఆ అమ్మకు చెప్పు. బోర్డు పోయినంక ఏమని చెప్తవు?”

“ఆమె మొక్కు తీరలేదని ఎట్ల చెప్పాలె? మొక్కేమో రామునిది, నేనేమో జానీ మియానైతి.”

“నోటితోని చెప్పు. పోయిరా జల్దీ.”

మర్నాడు పార్కుకు సెలవు పెట్టి బండి మీద తండాకు పోయాడు. రేకుల పందిరి కింద కమ్లి మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఎనభైకి దగ్గరపడింది. మనవరాలు పుష్ప పక్కన ఫోన్ చూసుకుంటోంది.

“ఏంది భియా, నీ రైలు తండాదాంక వచ్చిందా?”

“రైలు రాలె యాడీ, నేనే వచ్చిన.” తండాలో తల్లిని పిలిచినట్టే ఆమెను యాడీ అనడం ఆయనకు ఏళ్ల నుంచి అలవాటు. “నీకొక మాట చెప్పాలె.”

“చెప్పు. చేతులు మాత్రం ఖాళీగ పెట్టకు,” అని నాలుగు దోసిళ్ల కాయలు ఆయన ముందుకు నెట్టింది.

మిరప ఘాటుకు దగ్గుతూ, తొడిమలు తుంచుతూ చెప్పాడు. నూనె డబ్బా సంగతి, తలెత్తకపోవడం, అవ్ అనడం, మళ్లీ నోరు రాకపోవడం. “అది బద్రాచెలం కాదు యాడీ. పార్కు. నీ మొక్కు నా వల్ల చెడింది.”

కమ్లి ఒక కాయ ఎండలోకి పట్టి చూసి పక్కన పడేసింది. “పార్కని నాకు తెల్వదా? గేటుకాడ టికెట్ తీస్కుంటి గద.”

“మరి కాయ కొడ్తివి?”

“పార్కుల ఎక్కితే రైలు బద్రాచెలంల దింపిందనుకున్న ఆ పూట. ట్రాక్టర్ బాగైనంక అదే దినం అసలు బద్రాచెలం పోయినం. గోదారి చూసిన. గంత నీళ్లు. నీ చెరువు యాదికొచ్చి నవ్వుకున్న.” ఇప్పుడు కూడా నవ్వింది. “లైన్ల మనుషుల మీద మనుషులు. కాయ ఇంకోటి కొని కొట్టిన. రాముణ్ని మంచిగ చూద్దామనేలోపు ఎనక నుంచి తోసిండ్రు. నీకాడ ఎవ్వరు తొయ్యలే. కళ్లు మూసుకున్నంతసేపు మూసుకున్న.”

“మరి ఏటేట ఎందుకొచ్చినవ్?”

“పుష్పా, ఆ బోర్డు మీద ఏం రాసి ఉందే?”

“భద్రాచలం రోడ్,” అంది పుష్ప ఫోన్లోంచి తల ఎత్తకుండా. “చిన్నప్పటి నుంచి చదివిపిస్తున్నవ్ నానమ్మా.”

“ఇన్నవా? ఊరని రాసిండ్రా? రోడ్ అని రాసిండ్రు. బయలెల్లేటప్పుడు ఎవరైన బండి ముందట, రోడ్డుకే కాయ కొడతరు. నేను గూడ ఏటేట నీకాడ కొట్టి, బస్సెక్కి బద్రాచెలం పోతున్న.” ఆయన ముందున్న కుప్ప వైపు చూసింది. “గీ మాత్రం దానికి ఇన్నేండ్లు పరేషానైనవా? తొడిమ సాంతం తియ్యి, సగం ఉంచుతున్నవ్.”

జానీ మియా కళ్లు తుడుచుకున్నాడు. మిరపకాయలు తుంచిన చేత్తో తుడుచుకున్నాడు కాబట్టి ఆ తర్వాత కాసేపు జరిగింది ఇక్కడ రాయదగ్గది కాదు. పుష్ప నీళ్లు తెచ్చింది.

శనివారం ప్రసూనకు మొత్తం చెప్పాడు. ఆమె విని, “బోర్డు పోకుండ ఆపుడు నా చేతుల లేదన్నా,” అంది.

“వద్దు మేడం. మొన్న రోజా పట్టుకొని మీకు అబద్ధం చెప్పిన, అందుకే చెప్తున్న.”

ఆదివారం పొద్దున కమ్లి, పుష్ప వచ్చారు. నవమికింకా పది రోజులకు పైనే ఉంది, కానీ బోర్డుకు ఒక్కరోజే ఉంది. ప్రసూన కూడా రైలెక్కింది, ఈసారి ఏడవలేదు. మచ్చలున్న వైపు జిరాఫీ వచ్చింది, పోయింది. వంతెన మీద జానీ మియా మామూలు కంటే పొడుగ్గా కూత వేశాడు. పైసలు నీళ్లలో పడ్డాయి.

కమ్లి దిగి బోర్డు ముందు నిలబడింది. కాయ చేతిలో పట్టుకుని అడిగింది.

“భియా, బద్రాచెలం ఇదేనా?”

జానీ మియా నూనె డబ్బా కింద పెట్టాడు. లేచి ఆమె వైపు తిరిగాడు.

“కాదు యాడీ. రోడ్డు.”

“అవ్,” అని కమ్లి కాయ కొట్టింది.

సగం చిప్ప ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చేతిరుమాల్లో మూటగట్టి, పొద్దుగూకేదాకా ఆగాల్సిన సంగతి ఆమెకు చెప్పి, ఇంజను మీద నీడ పడే చోట జాగ్రత్తగా పెట్టాడు.