గవదబిళ్ళలకు వేసిన గొలుసు

మా పిన్ని పోయిందని మొన్న గురువారం కబురొచ్చింది. రాజోలు దగ్గర వాళ్ళ ఊరు చేరేసరికి మామ్మ, అంటే పిన్నికి అత్తగారు, తొంభై దాటిన మనిషి, అప్పటికే శోకాలు అందుకుంది: "కడుపు పండకుండానే ఎల్లిపోయింది తల్లోయ్!" నాకు ఒళ్ళు మండిపోయింది.

డెబ్బైల్లో, పెళ్ళయిన ఏడాదే బాబాయికి గవదబిళ్ళలు వచ్చాయి. మెడలో బంగారం ఉంటే తగ్గుతాయని మామ్మ పిన్ని పెళ్ళి గొలుసు తీయించి కొడుక్కి వేసింది. దవడల వాపు తగ్గింది. వారం తిరక్కుండా మళ్ళీ జ్వరం, ఈసారి వృషణాలు వాచాయి. మంచం దిగలేకపోయాడు. డాక్టరుకి చూపిద్దామండీ అని పిన్ని అంటే, "ఆ చోటు ఊరందరికీ చూపిస్తామేంటే, సిగ్గులేదూ?" అని మామ్మ కసిరింది. గొలుసు మాత్రం జ్వరం పూర్తిగా పోయేదాకా ఉంచి, అప్పుడు పిన్నికి తిరిగిచ్చింది.

పిల్లలు కలగలేదు. నింద ఎవరి మీద పడిందో మీకు చెప్పాలా! ప్రతి ఆదివారం చర్చిలో మామ్మ లేచి, "నా కోడలి గర్భం తెరువు తండ్రీ" అని గొంతెత్తి ప్రార్థించేది. మగవాళ్ళ వైపు కూర్చున్న బాబాయి తల వంచుకుని "ఆమేన్" అనేవాడు. ఇంటికొచ్చి కొబ్బరి కోరుతూ పిన్ని నవ్వేది: "దేవుడికి చెవుడు లేదే అమ్మడూ. ఎందుకలా అరుస్తారో!"

ఎనభైల్లో అమలాపురం డాక్టరమ్మ పిన్నిని పరీక్షించి, "నీలో ఏ లోపమూ లేదమ్మా, మీ ఆయన్ని తీసుకురా" అంది. బాబాయి వీర్యంలో కణాలు లేవని తేలింది. గవదబిళ్ళలు అందరినీ ఇలా చెయ్యవనీ, ఈయనకి రెండు వైపులా దెబ్బతిన్నాయనీ, కాపురానికి మాత్రం ఏ ఢోకా లేదనీ ఆవిడ విడమరిచి చెప్పింది. తిరుగు బస్సులో బాబాయి అన్నది ఒకటే మాట: "అమ్మకి చెప్పకే."

పిన్ని చెప్పలేదు. ఒట్టు వేయించుకుని నాకొక్కదానికే చెప్పింది. ఆ తరవాతా ఆదివారాలు వచ్చాయి, మామ్మ ప్రార్థించింది, బాబాయి ఆమేన్ అన్నాడు. ఆ ఆమేన్‌ని నేను క్షమించను.

నా పురుడుకి రాత్రింబవళ్ళు చాకిరీ చేసింది పిన్నే. పొత్తిళ్ళలో బిడ్డని అందిస్తే, ఎత్తుకోవచ్చా అన్నట్టు ముందు, బిడ్డని చూడ్డానికొచ్చిన మామ్మ వంక చూసింది.

సమాధుల తోటలో మామ్మ మళ్ళీ "గొడ్రాలుగానే..." అని మొదలెట్టింది.

"దానికేం లోపం లేదమ్మా," అన్నాడు బాబాయి, అందరి ముందూ. "పిల్లలు పుట్టనిది నాకు. ఆ గవదబిళ్ళల జొరంతోనే నాకా యోగం పోయింది."

ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయింది ఈ నోరు? వినాల్సిన మనిషి పెట్టెలో పడుకుంది.

మామ్మ తెల్లబోయి చూసింది. "అదేంట్రా," అంది, "గొలుసు వేసేను కదరా!"

పెట్టె మూసేముందు పిన్ని మెడలోంచి తీసిన ఆ గొలుసు, బాబాయి గుప్పిట్లోంచి వేలాడుతూ ఉంది.