కాచిన మజ్జిగ

ఉదయగిరిలో మా అత్తగారింట్లో బాలింతకు మజ్జిగ పోయరు. బిడ్డ అడుగులు వేసేదాకా తల్లి చల్లనిది ముట్టకూడదు, ముడితే ఆ చలవంతా పాలలో బిడ్డకు దిగుతుందని వాళ్ళ నమ్మకం. అన్నంలోకి వెల్లుల్లి కారం, బాలింతకని మందుదినుసులు దంచిన కాయపు కారం, అంతే. మూడో నెలకు నా కడుపు చెడింది. విరేచనంలో ముందు జిగట, తర్వాత నెత్తురు.

"మద్రాసులో చదివినదానికి మా ఊరి కారం ఎక్కదా ఏంది?" అంది అత్తగారు. "ఏడుగురిని కన్నా. ఇదే తిన్నా. నాకేమైంది?"

ఏడుగురిలో ఇద్దరే మిగిలారని నేను అనలేదు. అనాల్సింది.

ఆ మిగిలిన ఇద్దరిలో ఒకరు నా భర్త. ఆత్మకూరు తాలూకా కచేరీలో గుమాస్తా, అక్కడే గది తీసుకుని ఉంటూ శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. రెండోది మా ఆడబిడ్డ, వరికుంటపాడులో కాపురం. ఆమెకు పిల్లలు లేరు. నెత్తురు సంగతి తెలిసిన రోజు నుంచీ అత్తగారి నోట ఒకటే మాట.

"నీ పాలు చెడినాయి. బిడ్డను అమ్మాయి దగ్గర పెడతా. వాళ్ళకు మేకలుండాయి, పాలకు కరువులేదు."

అటు వెళ్ళిన బిడ్డ మళ్ళీ నా ఒళ్ళోకి రాడని నాకు తెలుసు. ఆ మాట విన్న ప్రతిసారీ పొత్తికడుపులో తడిబట్ట పిండినట్టయ్యేది. చెంబు అందుకుని దొడ్లోకి పరుగెత్తేదాన్ని. అత్తగారు వెనక నుంచి నవ్వేది. "చూడు, మాటంటే చాలు, పరుగే!"

చివరికి భర్త ఆత్మకూరు తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాడు. పేగు లోపల పూసింది, వాచింది అన్నాడాయన. కారం మానమన్నాడు, పూటపూటా పుల్ల మజ్జిగ తాగమన్నాడు. "దిగులు పెట్టుకోవద్దమ్మా" అని కూడా అన్నాడు, అదేదో అంగట్లో దొరికే మాత్ర అయినట్టు.

కొడుకు చెప్పాడు గనక అత్తగారు కాదనలేదు. ఆ పూటే గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. పట్టుకుంటే చెయ్యి కాలింది. పసుపు, మిరియాలు వేసి తెర్లేదాకా కాచింది. విరిగి, పైన నీళ్ళు తేలి ఉంది.

"ఇదేంది అత్తా? కాస్తే ఇంకెందుకు పనికొస్తుంది? మేలు చేసేది అందులో ఉండే సూక్ష్మజీవులు. కాస్తే చస్తాయి."

"జీవులా? నా కుండలో పురుగులుండాయంటావా? బాలింతకు పచ్చి మజ్జిగ పోసి బిడ్డను చంపుకోమంటావా? తాగితే తాగు, లేకుంటే పో."

కాలేజీలో పెరుగు చుక్కను గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసినదాన్ని. ఆ ఇంట్లో ఆ చదువు నన్ను వెక్కిరించడానికే పనికొచ్చింది. శనివారం భర్తకు చెప్పాను. "పోసింది కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

ఆ కాచిన నీళ్ళు తాగుతూ ఇంకా చిక్కిపోయాను. ఒకరోజు ఆమె పెరట్లో ఉండగా వంటింట్లోకి పోయి, కుండలోని పచ్చి మజ్జిగ ముంచుకుని తాగాను. చూసింది. కుండ ఎత్తి నా కాళ్ళ ముందే పగలగొట్టింది. "బిడ్డను తినే తల్లి!" అని వీధి వినేలా అరిచింది. ఆ రోజంతా నాకు ఎన్నడూ లేనంత నెత్తురు పోయింది. తాగింది మంచిదే, కానీ ఆ మాటతో కలిపి తాగాను.

మజ్జిగ ఒక్కటే చాలదని అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున ఆడబిడ్డ బండి కట్టించుకుని వచ్చింది. ఊయల బట్ట కూడా తెచ్చుకుంది. "నువ్వు కోలుకునేదాకే వదినా" అంది నా ముఖం చూడకుండా. నేను బిడ్డను చీర కొంగులో చుట్టుకుని బస్సు దగ్గరికి నడిచాను. అత్తగారు సగం దారి వెంబడించింది.

"మొగుడు పిలవకుండా పొయ్యే ఆడది నువ్వొక్కదానివే! పో, మళ్ళా ఈ గడప తొక్కినావంటే చూడు!"

ఆత్మకూరు గదిలో భర్త నన్ను చూసి, "ఎందుకొచ్చినావు? అమ్మ ఏమనుకుంటుంది?" అన్నాడు.

"కాపురానికొచ్చినాను. నన్ను పంపితే బిడ్డతో కలిపి మా నాయన దగ్గరికి పంపండి. వరికుంటపాడుకు మాత్రం వాడు పోడు."

పంపలేదు. మాట్లాడనూ లేదు. ఆ మౌనం ఉదయగిరి అరుపుల కన్నా నయమే. పాలు నేనే తోడుపెట్టుకున్నాను, పులిసినాక నేనే చిలుక్కున్నాను. మెల్లగా నెత్తురు తగ్గింది. కానీ ఆయన ఊరికి వెళ్ళొచ్చి "అమ్మ బిడ్డనడిగింది" అన్న రోజున, అదే మజ్జిగ తాగినా, మళ్ళీ జిగట కనిపించేది.

బిడ్డ పాకే వేళకు అత్తగారే వచ్చింది. బుగ్గలు పట్టి చూసింది.

"బిడ్డ బాగుండాడు. నువ్వే కట్టెమాదిరి ఉండావు. ఒక నెల తీసకపోతా."

"పాలు మానేదాకా ఎక్కడికీ రాడు."

"మానినాక?"

"అప్పుడూ రాడు అత్తా."

నేను పెట్టిన అన్నం ముట్టకుండా, మధ్యాహ్నం బస్సుకే ఉదయగిరి వెళ్ళిపోయింది. సాయంత్రందాకా కడుపు మెలిపెట్టింది. పక్కమీద ముడుచుకుని పడుకునే, బిడ్డకు పాలిచ్చాను. నెత్తురు మాత్రం పడలేదు.