తడి గోనెసంచుల్లో పొగ

వై2కే కంప్యూటర్ల పనికి సిడ్నీ వెళ్లిన ఏడాది, వెస్ట్‌మీడ్ పేటకు వెళ్లే రైల్లో నా పక్కన లేగోస్ నుంచి వచ్చిన యువ ఇంజనీరు ఒకాయన కూర్చున్నాడు. వాళ్ల ఊళ్లో కరెంటు పోగానే ఇంటింటా జనరేటరు మొదలవుతుందట. ఆ పొగకు కూతురికి ఉబ్బసం పట్టుకుంటే, విరుగుడు నేర్చుకుందామని ఇక్కడి యూనివర్సిటీలో చేరాడు.

నా నోరు ఊరుకుంటుందా! "మా హైదరాబాదులో పొగను తడి గోనెసంచుల్లో పట్టి, మూతి కట్టి, మూసీలో ముంచేస్తాం," అని ఒక కోత కోశాను.

ఆయన నవ్వలేదు. నోటుబుక్కు తీసి, "ఇంటికెన్ని సంచులు, అంకుల్?" అన్నాడు. పెద్దవాళ్లను వాళ్లూ అంకుల్ అనే పిలుస్తారట.

సిగ్గేసింది. "అబద్ధమయ్యా," అన్నాను.

"తెలుసు అంకుల్. ఇక్కడ నేర్పేవన్నీ కరెంటు పోని ఊళ్లకే పనికొస్తాయి. వచ్చే వారం ఇంటికి వెళ్తున్నాను. ఏం నేర్చుకొచ్చావు నాన్నా అని పాప అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పాలిగా?"