పెట్టె చుట్టూ ముగ్గు

కంప్లి దారిలో నాగలక్ష్మమ్మకు ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది. అరవై దాటినా చెట్లకు ఎరువు తన చేత్తో వేస్తేగాని ఆమెకు తృప్తి ఉండదు. వచ్చిన మనిషికి మర్యాద తగ్గిందంటే మాత్రం ఆ పూట ఇంట్లో ఎవరినీ బతకనివ్వదు.

బళ్ళారి కాలేజీ నుంచి యూనీస్ అనే అమ్మాయి ప్రతి శుక్రవారం ఆ తోటకు వస్తుంది. యూరియా వేసిన నేలలోంచి లోకాన్ని వేడెక్కించే వాయువు ఎంత లేస్తోందో కొలవడం ఆమె పని. అందుకని చెట్ల మధ్య గుర్తు పెట్టిన చోట అడుగులేని స్టీలు పెట్టె బోర్లించి, దానికి మీటరు తగిలించి, పక్కనే కూర్చుంటుంది.

చదువుకున్న పిల్ల కూర్చునే చోటు బోసిగా ఉండటం నాగలక్ష్మమ్మకు తలవంపులుగా తోచింది. మూడు వారాలు ఓర్చుకుంది. నాలుగో శుక్రవారం తెల్లారగానే అక్కడంతా ఊడ్చి, చిక్కగా పేడనీళ్ళు చల్లి, చుట్టూ ముగ్గు వేసింది.

ఆ రోజు మీటరులో అంకె నాలుగింతలైంది. యూనీస్ మీటరును రెండుసార్లు తట్టి, అప్పుడు నేలకేసి చూసింది.

"అవ్వా, ఈడ కళ్ళాపి చల్లినావా?"

"చల్లకుంటే ఎట్ల పాపా? నువ్వు వచ్చే జాగా గదా."

"పేడలోంచి గూడా ఆ గాలి లేస్తాది అవ్వా. ఈ వారం అంకె కొట్టేయాల."

నాగలక్ష్మమ్మకు సర్రున కోపం వచ్చింది. "మూటలు మూటలు యూరియా పోస్తే అంతా రాసుకుంటివి. నేను చేసిన మర్యాద మాత్రం కొట్టేస్తావా?"

యూనీస్ అంకె కొట్టేయలేదు. తేడాకు కారణం రాయాల్సిన గడిలో ఏదో రాసింది.

"ఏం రాస్తివో చదువు," అంది నాగలక్ష్మమ్మ, కోపం దిగకుండానే.

యూనీస్ చదివింది. "మర్యాద."