మొదటి దోసెడు

ఆషాఢం, ఆదివారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. నీళ్ల డ్రమ్ము కడిగి, ట్యాంకర్ కోసం వాకిట్లో పెట్టాను.

మొన్న సంగారెడ్డి దవాఖానాలో మా పెద్దమ్మ చనిపోయింది. మా అమ్మకు అక్క. రోజూ ఖర్చులు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు బస్సు బోర్డులు చూసి కూడబలుక్కున్నవే. అయినా ఆమె సంగతి మా ఊరు దాటి నలుగురికి తెలియాలని ఈ ఖర్చుల పుస్తకంలోనే రాస్తున్నాను.

మా ఊరు గడ్డపోతారానికి దిగువన ఉంది. చెరువు కట్ట మీద మైసమ్మ ఉంటుంది. ఆ తల్లి సేవ మా అమ్మమ్మ ఇంటి ఆడపిల్లలది. అందుకే అక్కాచెల్లెళ్లను ఊరు దాటించలేదు, అల్లుళ్లనే ఇల్లరికం తెచ్చారు. తొలి వానలకు చెరువులోకి కొత్త నీళ్లు రాగానే అక్క ఉపవాసం ఉండి మొదటి దోసెడు తాగాలి. అప్పుడు చెల్లెలికి శిగం రావాలి, అంటే ఆమె మీదికి మైసమ్మ వచ్చి సరేననాలి. ఆ తర్వాతే ఊరు కడవలు ముంచాలి, గొడ్లను దింపాలి.

నా చిన్నప్పుడు పెద్దమ్మ నీళ్లు తాగి, పెదాలు చప్పరించి, “తియ్యగున్నయ్” అనేది. ఆ తడి చేతులతోనే నా మొహం తుడిచేది. ఇంట్లో కూడా ఎవరికి నీళ్లిచ్చినా ముందు తనొక గుక్క తాగేది. “నేను తాగినంక నీకేం గాదు బిడ్డా” అనేది. మా నాయన వేళాకోళం చేసేవాడు.

“వదినా, కల్లు గూడ గిట్లనే సూసి ఇస్తవా?”

“కల్లైతే సూసేదుండదు మరిదీ. కుండంత నేనే తాగుత.”

తర్వాత పైన, గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. మా చెరువులోకి వచ్చే వాగు రంగు మారింది. ఒక ఏడు పెద్దమ్మ దోసెడు తాగి, మొహం చిట్లించి, “సేదున్నయ్” అంది.

కులపెద్ద అడిగాడు: “నీళ్లు సేదెట్లయితయమ్మా? నీ ఉపాసంల ఏదన్న తప్పు పడ్డదా? నిన్న ఏం దిన్నవ్?”

ఆమె ఏమీ తినలేదు. కానీ ఆ మాట నమ్మింది. చేదు తన నోట్లోనే ఉందనుకుంది. మళ్లీ ఉపవాసం ఉండి మరుసటి ఆదివారం తాగింది. చేదే. ఆ పై ఆదివారం కళ్లు మూసుకుని తాగి, “తియ్యగున్నయ్” అంది. అమ్మకు శిగం వచ్చింది. వచ్చిందో, రావాలి కాబట్టి ఊగిందో నేనెన్నడూ అడగలేదు. డప్పులు మోగాయి. గొడ్లు దిగాయి.

బర్రెలు చచ్చిపోయాయి. బర్రెల మనిషి మా వాకిట్లో నిలబడి అరిచాడు: “తియ్యగున్నయంటివి గదనమ్మా! నా బర్రెకు ఆ తీపి ఎక్కువైందా?” పెద్దమ్మ లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు.

మరుసటి ఏడు ఊరివాళ్లు అక్క నోరు చెడిందని, చెల్లెలిని తాగమన్నారు. మా అమ్మ నీళ్లలోకి దిగి దోసిలి పట్టింది. పెద్దమ్మ చీరతో సహా దిగి, ఆ దోసిలిని తన నోటికి వంచుకుని తాగేసింది.

“దాన్నిడువుండ్రి. సేదు నా నోట్ల లేదు, నీళ్లల్లున్నది. గొడ్లను దింపకుండ్రి.”

ఆ రోజు అమ్మకు శిగం రాలేదు. తర్వాత ఎన్నడూ రాలేదు.

పెద్దమ్మ మాత్రం ఏటా వెళ్లేది. తొలి వానలకు ఫ్యాక్టరీల నురగ కొట్టుకుపోయి చెరువు తేటగా కనిపిస్తుంది. ఈసారి బాగయ్యాయేమోనని ఊరికి ఆశ పుడుతుంది. ఆమె తాగి, “సేదే” అనేది. గొడ్లను తోలుకొచ్చినవాళ్లు వెనక్కి మళ్లించేవారు. రాత్రంతా వాంతులు చేసుకునేది.

“కంటితోని సూసి చెప్పరాదు పెద్దమ్మా? తాగుడెందుకు?” అన్నాను ఒకసారి.

“తాగకుంటే ఎవలు నమ్ముతరు బిడ్డా? ఒక్కపారి అబద్ధమాడిన. ఇగ ఉన్నన్ని రోజులు నిజం చెప్పాలె.”

డాక్టరు కిడ్నీలు పోయాయన్నాడు. నీళ్ల వల్లేనా అంటే చెప్పలేనన్నాడు.

మంచం మీద ఆమె చివరిగా అడిగింది వాన గురించే. “పడ్డదానే సెల్లె?” కిటికీ బయట తుంపర పడుతోంది. “లేదక్కా” అంది అమ్మ.

“పడ్డా నువ్వు కట్ట మీదికి పోకు.”

అమ్మ తలూపింది.

నిన్న బర్రెల మనిషి పలకరించడానికి వచ్చాడు. ముసలివాడయ్యాడు. చాలాసేపు కూర్చుని, లేచేటప్పుడు అన్నాడు: “సెర్వు తేటగున్నదమ్మా. ఈ యేడు మంచిగనే ఉన్నయేమో... చెప్పేటామె పాయె. రేపు తోలి సూస్త.”

నిన్నటి నుంచి అమ్మ ఏమీ తినలేదు. దుఃఖమనుకున్నాం. ఇప్పుడు తల ఎత్తి చూస్తే, తలస్నానం చేసి, తడి వెంట్రుకలు ముడి వేసుకుని గడపలో నిలబడి ఉంది.

“యాడికే అమ్మా?”

“గీడికే. గొడ్లు దిగకముందే పోవాలె.”

రెండు అరచేతులూ కొంగుకు తుడుచుకుని ముసురులోకి దిగింది. బయట ట్యాంకర్ హారన్ కొడుతోంది. డ్రమ్ము సంగతి తర్వాత, రాత ఇక్కడే ఆపి అమ్మ వెనకే పోతున్నాను.