శంకరవ్వ తాపిన పాలు

మా పక్కింటి బాలలక్ష్మికి వీధిలో ఒక పేరుంది. చేతికందిన అదృష్టాన్ని కాలదన్నుకున్న మనిషి అని. ఆ మాట అనేవాళ్లెవరూ ఆ రోజు మంచిర్యాల ఆసుపత్రిలో లేరు. నేనున్నాను. అందుకే వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వాళ్లది సిరిసిల్లలో మగ్గం మీద బతికే ఇల్లు. 1980 ఫిబ్రవరిలో సూర్యగ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం విడిచేదాకా కదలకుండా పడుకోవాలని, ఏదీ కొయ్యకూడదని, తుంచకూడదని మా దగ్గర పట్టింపు. బాలలక్ష్మికి అప్పుడు ఐదో నెల. మర్నాటికి సేటుకు బట్ట అప్పజెప్పాలి, నూలు చుట్టిన కండెలు తక్కువ పడ్డాయి. "తలుపేసుకొని సుట్టు, ఎవలు సూస్తరు" అని ఆమెను రాట్నం ముందు కూర్చోబెట్టింది అత్త శంకరవ్వే. నూలు చిక్కు పడితే బాలలక్ష్మి పంటితో కొరికి ముడేసింది.

జూన్‌లో ఆడపిల్ల పుట్టింది. పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది. అంగిట్లో కూడా సందు. గ్రహణ మొర్రి.

"నూలు కొరికినవ్, గదే తాకింది" అంది శంకరవ్వ. రాట్నం ముందు కూర్చోబెట్టింది ఎవరో ఆమెకు గుర్తు రాలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ! పెదవి కడుపులో రెండో నెలలోనే అతుక్కుంటుందని, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

యాదగిరి గుట్టకు మొక్కి పిల్లకు యాదవ్వ అని పేరు పెట్టారు. పిల్ల రొమ్ము పట్టలేకపోయేది. పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. పురుడు వెళ్లిన కొన్నాళ్లకే శంకరవ్వ మంత్రసానితో మాట్లాడుతుంటే గోడ ఇవతల నాకు వినపడింది.

"గిది బతుకది. బతికినా ఏం బతుకు?"

"మీరు ఊ అంటే..." అని మంత్రసాని ఆగిపోయింది. శంకరవ్వ ఊ అనలేదు. ఉహూ అని కూడా అనలేదు. బాలలక్ష్మి కూడా విన్నట్టుంది, అప్పటినుంచి పిల్లను అత్త చేతికి ఇవ్వడం మానేసింది. చెరువుకట్ట వైపు వెళ్లినా చంకన వేసుకునే వెళ్లేది.

మంచిర్యాల పొలిమేరలో ఒక ధర్మాసుపత్రి ఉండేది. సముద్రాల అవతలి ఫౌండేషన్ ఏదో దానికి ఆపరేషన్ గది కట్టించింది. చలికాలంలో డాక్టర్లను పంపి ఇలాంటి పెదవులు ఉచితంగా కుట్టించేది. బిడ్డ ఐదు కిలోలు తూగితేనే కత్తి పెడతామన్నారు. ఇక చూడాలి బాలలక్ష్మిని. పిల్లను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకొని ఉగ్గుగిన్నెతో బొట్టు బొట్టుగా పాలు పోసేది. మగ్గం ఆగినా, మొగుడు లక్ష్మీరాజం గొణిగినా ఆ పని మాత్రం ఆపలేదు. డిసెంబరుకల్లా పిల్ల తూగింది.

ఆ నెలల్లోనే శంకరవ్వ కూడా మారింది. మారినట్టు కనపడింది అనాలేమో. "దీని కండ్లు మా అవ్వ కండ్లే" అంటూ పిల్ల చుట్టూ తిరిగేది. మంచిర్యాలకు తానూ వస్తానని పట్టుబట్టింది. బాలలక్ష్మి వద్దనలేక, మా అక్క ఆ ఊళ్లోనే ఉంటుంది కనుక నన్నూ తోడు రమ్మంది.

మా వంతు శిబిరం ఆఖరి రోజున వచ్చింది. తెల్లారకముందే సిస్టర్ వరండాలో అందరికీ గట్టిగా చెప్పింది. "పాలు లేవు, నీళ్లు లేవు, ఒక్క చుక్క కూడా పట్టద్దు. మత్తుల కక్కుకుంటే ఊపిరి ఆగిపోతది. నిన్న ఒక తల్లి పాలు పట్టి దాచిపెట్టింది. ఆ పిల్లను గుడ్డల చుట్టి ఇచ్చినం."

యాదవ్వ ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. ఇన్ని నెలలుగా ఆ పిల్లను ఒక్క పూట పస్తు పెట్టని తల్లి, పళ్లు బిగించి కూర్చుంది. ఇంతలో ఆపరేషన్ కాగితాల మీద వేలిముద్ర వేయడానికి రమ్మని పిలిచారు. చదివి చెప్పడానికి నేనూ వెళ్లాలి. బాలలక్ష్మి అటూ ఇటూ చూసి, వేరే దారి లేక పిల్లను అత్త ఒళ్లో పెట్టింది.

మేం తిరిగి వస్తుంటే ఏడుపు వినపడలేదు. ఏడ్చే పిల్ల ఊరుకుంటే ఎవరికైనా ప్రాణం తేలికపడుతుంది. నేను మాత్రం గబగబా అడుగులు వేశాను. యాదవ్వ హాయిగా నిద్రపోతోంది. బాలలక్ష్మి వంగి ఆ చీలిన పెదవి దగ్గర వాసన చూసింది.

"ఏం చేసినవ్ అత్తా?"

"గిన్ని పాలు తాపిన. నాలిక ఎండుతుంటే సూడలేకపోయిన. పగోణ్ణి సుత ఉత్త కడుపుతోని తోలరు, పసిపోరిని కత్తి కిందికి తోలుతమా?"

"సిస్టర్ చెప్పింది ఇనలేదా?"

"గిన్ని పాలకు ఏం గాదు. సప్పుడు చెయ్యకు. ఇయ్యాల తప్పితే మల్ల లేదు."

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అది ప్రేమేనని నాకు అనిపించింది. కానీ గోడ ఇవతల ఆ మాట విన్నదీ ఈ చెవులే. బాలలక్ష్మి అత్త ముఖంలోకి చాలాసేపు చూసింది.

"యాదవ్వ!" అని సిస్టర్ వచ్చి పిల్లను ఎత్తుకుంది. "ఏం పట్టలే కదా?"

"లేదమ్మా" అంది శంకరవ్వ, అడగ్గానే.

సిస్టర్ వెనక్కి తిరిగింది. నేనూ నిజం చెప్పలేదు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. ఆపరేషన్ గది తలుపు సగం తెరుచుకున్నాక వెనకనుంచి బాలలక్ష్మి అరిచింది.

"సిస్టరమ్మా, ఆగు! పాలు తాగింది."

సిస్టర్ మమ్మల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. లోపలికి వెళ్లి డాక్టర్లను అడిగి వచ్చి పిల్లను తల్లి చేతిలో పెట్టింది. "కడుపు ఖాళీ కావాలంటే సాయంత్రమైతది. వాళ్లు మధ్యాహ్నం బండికే పోతున్నరు. వచ్చే ఏడు లేదమ్మా. ఫౌండేషన్ పైసలు ఈసారితోనే ఆఖరు, ఇంకో దేశానికి ఇస్తరట." మా వంతులో ఇంకెవరి పిల్లనో లోపలికి తీసుకుపోయారు.

ఇంటికి వచ్చాక లక్ష్మీరాజం అన్న మాట ఒక్కటే. "ఊకుంటే అయిపోతుండె గదా." వీధి అంతా ఆ మాటే అందుకుంది. డాక్టర్లు వస్తారేమోనని ప్రతి చలికాలం ఎదురుచూశారు. రాలేదు. ఆపరేషన్ గదికి తాళం పడింది. పట్నం వెళ్దామంటే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. ఏళ్లు అలాగే గడిచాయి. శంకరవ్వ పోయింది.

యాదవ్వ పదిహేనేళ్లప్పుడు, బడిలో మొర్రిదని పిలుస్తుంటే తట్టుకోలేక చదువు మానేసింది. ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. యాదవ్వ వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. దాని మాట ముక్కుతో వస్తుంది, అలవాటైనవాళ్లకే తెలుస్తుంది.

"ఎందుకు చెప్పినవే అవ్వా? నువ్వు ఊకుంటే ఏమైతుండె?"

"ఏమైతుండెనో నాకు తెల్వది బిడ్డా. పెదివి కుట్టి ఇస్తుండిరో, గుడ్డల సుట్టి ఇస్తుండిరో. ఉత్త సేతులతోని ఇల్లు చేరుడు నాతోని కాదనిపిచ్చింది."

యాదవ్వ తల్లి పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"బాపమ్మ పాలు కావాలని తాపిందా?"

బాలలక్ష్మి లేచి వీధితలుపు దగ్గరగా వేసింది.

"గా మాట అడగకు బిడ్డా. ఆమె బతికున్నన్ని దినాలు నేను సుత అడగలే."